దిబ్బలు తవ్వే ముందు పిడికెడు మట్టి దాచండి

సంపాదకులు గారికి నమస్కారం.

కోలారు బంగారు గనుల దగ్గరున్న వ్యర్థాల దిబ్బలను మళ్ళీ తవ్వి, వాటిలో మిగిలిన బంగారాన్ని తీయాలన్న ప్రతిపాదన గురించి మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. ఎంత మట్టి ఉంది, అందులో ఎంత బంగారం దొరకవచ్చు, ప్రభుత్వానికి రాబడి ఎంత, స్థానికులకు పనులు వస్తాయా అన్న వివరాలన్నీ శ్రద్ధగా రాశారు. ఆ మట్టిలో ప్రాణంతో ఉన్నవాటి గురించి మాత్రం ఒక్క వాక్యమూ లేదు. మీ విలేకరిని తప్పు పట్టడం లేదు. గనుల గురించి మాట్లాడే అధికారులు గానీ, రాజకీయ నాయకులు గానీ, కడకు మా ఊరివాళ్ళు గానీ ఆ మాట ఎత్తరు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా పూర్తిగా అచ్చు వేయమని కోరుతున్నాను.

నేను పుట్టి పెరిగింది ఆ గనుల దగ్గరి ఛాంపియన్ రీఫ్‌లో, గని కార్మికుల లైన్ ఇళ్ళలో. మా నాన్నగారు చిత్తూరు జిల్లా నుంచి వచ్చి గనిలో చేరారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం మాట్లాడుతూ పెరిగిన తరం మాది. చదువయ్యాక బెంగళూరు వచ్చి, ఒక కళాశాలలో సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో ప్రయోగశాల సహాయకురాలిగా పనిచేసి రిటైరయ్యాను. సూక్ష్మజీవులను పెంచే అగార్ జిగురు కాచి గాజు ప్లేట్లలో పోయడం, ఆవిరితో పాత్రలను శుద్ధిచేసే ఆటోక్లేవ్ చూసుకోవడం, పెంచుతున్న జీవులు (కల్చర్లు) చచ్చిపోకుండా వాటిని కొత్త మీడియాలోకి, అంటే వాటి తిండిలోకి, మార్చడం, గొట్టాల మీద తేదీ, చోటు, పేరు రాసి ఫ్రిజ్‌లో వరసగా పెట్టడం నా పని. నేను శాస్త్రవేత్తను కాను. కానీ చెరువు నీళ్ళు, పేడ, కుళ్ళిన ఆకు, ఆసుపత్రి మురుగు, ఎర్రమట్టి, ఇలా రకరకాల చోట్ల నుంచి పిల్లలు తెచ్చిన నమూనాలను ప్లేట్ల మీద పరిచి, మర్నాడు ఇంక్యుబేటర్ తలుపు తీసి చూడటమే నా జీవితంగా గడిచింది. ఏ చోటి మట్టికి ఆ చోటి ప్రాణులుంటాయన్నది నాకు పుస్తకం చెప్పకముందే ఆ ప్లేట్లు చెప్పాయి.

డచ్ శాస్త్రవేత్త బాస్ బెకింగ్ 1934లోనే ఇంచుమించు ఈ సంగతి చెప్పాడు. సూక్ష్మజీవులు గాలితో, నీటితో, ధూళితో అన్ని చోట్లకూ చేరుతూనే ఉంటాయి; ఎక్కడ ఏది నిలదొక్కుకోవాలో ఆ పరిసరాలు నిర్ణయిస్తాయి. ఉప్పు ఎక్కువైతే ఉప్పును తట్టుకునేవి, ఆమ్లం ఎక్కువైతే ఆమ్లాన్ని ఓర్చుకునేవి, సయనైడ్ ఉంటే దాన్ని విరిచి తినగలిగేవి మిగులుతాయి. మా దిబ్బలను ఈ దృష్టితో ఒక్కసారి చూడమని వేడుకుంటున్నాను.

అవి ఎలా ఏర్పడ్డాయో చెప్పాలి. గనిలోంచి పైకి తెచ్చిన రాతిని మిల్లులో పిండిలా నూరేవారు. ఆ పిండిని సోడియం సయనైడ్ కలిపిన నీటిలో, గాలి తగిలేలా కలియబెడితే బంగారం నీటిలోకి దిగుతుంది. 1887లో స్కాట్లాండ్‌లో కనిపెట్టిన పద్ధతి ఇది; కొద్ది ఏళ్ళలోనే ప్రపంచంలోని పెద్ద గనులన్నింటికీ పాకింది. బంగారం తీసుకున్న తరువాత మిగిలిన బూడిదరంగు బురదను తెచ్చి పోస్తూ పోయారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా, సుమారు 120 ఏళ్ళ పాటు, 800 టన్నులకు పైగా బంగారం బయటికి వెళ్ళింది. బురద మా ఊళ్ళోనే మిగిలి గుట్టలైంది. మొత్తం 3 కోట్ల టన్నులకు పైమాటే అంటారు. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం 13 దిబ్బల్లో, వెయ్యి ఎకరాలకు పైబడిన స్థలంలో తవ్వకానికి అనుమతినిచ్చింది. మారికుప్పం రైలెక్కి పొద్దున్నే బెంగళూరు పనులకు వచ్చే వేలమంది ప్రతిరోజూ చూసే దిబ్బలే ఇవి. మేమంతా వాటిని సయనైడ్ దిబ్బలనే పిలుస్తాం.

నూరిన రాయి. అందులో తిండి అనదగ్గ సేంద్రియ పదార్థం దాదాపు లేదు. ఎండాకాలంలో పైపొర కాలిపోతుంది, వానల్లో కోసుకుపోతుంది. కొన్ని చోట్ల గంధకం, ఇనుము, ఆర్సెనిక్ కలిసిన ఖనిజాల తునకలుంటాయి. సయనైడ్‌లో చాలా భాగం ఎండకూ గాలికీ ఏళ్ళ క్రితమే ఎగిరిపోయి, విరిగిపోయి ఉంటుంది. ఇనుముతో గట్టిగా కలిసిపోయిన సయనైడ్ మాత్రం అంత తొందరగా వదలదు. ఇలాంటి చోట వంద ఏళ్ళకు పైగా నిలదొక్కుకున్న జీవులు ఊరికే నిలదొక్కుకోవు. వాటి దగ్గర ఏదో ఒక విద్య ఉంటుంది. ఆ విద్య ఏమిటో తెలుసుకోకుండానే దిబ్బను తవ్వి, మళ్ళీ నూరి, మళ్ళీ రసాయనాల్లో ముంచితే ఆ జీవ సముదాయం చెదిరిపోతుంది. తరువాత ఎవరు వచ్చి ఎంత వెతికినా ఆ పొరలు, ఆ వరస మళ్ళీ దొరకవు.

తవ్వకం ఆపమని నేను అడగడం లేదు. తవ్వే ముందు నమూనాలు తీసి, చదివి, భద్రపరచమని అడుగుతున్నాను. నా కోరిక ఇంతే. దీని వెనకున్న కారణాలు మాత్రం చాలా ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద కారణం మనందరి ముక్కుల దాకా వచ్చినదే. 1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త, హడ్సన్ ఫ్రీజ్ అనే విద్యార్థి కలిసి ఒక బ్యాక్టీరియాను పట్టుకున్నారు. 70 డిగ్రీల వేడిలో అది హాయిగా పెరుగుతోంది. అంత వేడిలో ఏదీ బతకదని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. 1969లో వారు దానికి థర్మస్ ఆక్వాటికస్ అని పేరు పెట్టి వివరాలు ప్రచురించారు; ఎవరైనా అడిగి తీసుకోవచ్చునని అమెరికన్ కల్చర్ భాండాగారానికి ఇచ్చారు. అప్పుడు దానివల్ల ఎవరికీ రూపాయి లాభం కనబడలేదు. 1983లో క్యారీ ముల్లిస్ పీసీఆర్ పద్ధతిని ఆలోచించాడు. డీఎన్‌ఏను వేడిచేసి విడదీసి, చల్లార్చి, నకళ్ళు తీయాలి. కానీ వేడి చేసిన ప్రతిసారీ నకలు తీసే ఎంజైము చచ్చిపోయేది, మళ్ళీ మళ్ళీ కొత్తది వేయాల్సి వచ్చేది. వేడికి చావని ఎంజైము కావాలి అనుకున్నప్పుడు, అది ఆ భాండాగారంలో అప్పటికే సిద్ధంగా ఉంది. 1988 నాటికి ఆ ఎంజైముతో పీసీఆర్ సులువైంది, 1993లో ముల్లిస్‌కు నోబెల్ వచ్చింది. కోవిడ్ కాలంలో మన ముక్కుల్లోంచి తీసిన నమూనాలను పరీక్షించింది ఈ పీసీఆర్‌తోనే. వేడినీటి బుగ్గ దగ్గర ఒక విద్యార్థి తీసిన నమూనా, భద్రంగా దాచిన ఒక గొట్టం లేకపోతే ఆ పరీక్ష అంత సులువుగా మన చేతికి వచ్చేది కాదు. గొట్టాల మీద పేర్లు రాసిన మనిషిగా చెబుతున్నాను: దాచడం చిన్న పని కాదు.

ఇంకొకటి, మన తెలుగువారికి దగ్గరిది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనకు సారథ్యం వహిస్తున్న రోజుల్లో, బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన అక్కడ కొత్త యాంటీబయాటిక్ కోసం దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించుకుంటున్నాడు. మిస్సోరి విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి సాగు ప్రయోగాలు జరుగుతున్న శాన్‌బర్న్ పొలం నుంచి వచ్చిన మట్టిలో, 1945లో, బంగారు వన్నె సూక్ష్మజీవుల గుంపు (కాలనీ) ఒకటి కనిపించింది. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ దాని నుంచే వచ్చింది, 1948లో. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది ఆద్యం. ఆ మట్టి పంపినవారికి అందులో ఏముందో తెలియదు. మట్టి పంపారు, అంతే.

పనికిరాదని పారేసిన చోట్లు ఇచ్చినవి కూడా తక్కువేమీ కాదు. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు, సకాయి నగరంలో ప్లాస్టిక్ సీసాలను తిరిగి వాడే కేంద్రం దగ్గరి మురికిలో, సీసాల ప్లాస్టిక్‌ను విరిచి తిని బతికే బ్యాక్టీరియాను కనుగొన్నారు. ఎక్కడ ప్లాస్టిక్ పోగుపడిందో అక్కడే వెతికారు కాబట్టి దొరికింది. 1976లో బెల్జియంలో ఒక జింకు కర్మాగారపు బురద తొట్టిలో దొరికిన బ్యాక్టీరియా ఇంకా ఆశ్చర్యం. లోహాల విషాన్ని అది తట్టుకుంటుంది. దానికి ఇప్పుడు క్యుప్రియావిడస్ మెటలిడ్యురన్స్ అని పేరు. ముప్ఫై ఏళ్ళ తరువాత, ఆస్ట్రేలియాలో వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు చోట్ల దొరికిన బంగారు రేణువుల మీద సన్నని జీవపు పొరలో ఇదే జీవి ఉన్నట్టు గుర్తించారు. నీటిలో కరిగిన బంగారం దానికి విషం. ఆ విషాన్ని వదిలించుకునే క్రమంలో కరిగిన బంగారాన్ని మళ్ళీ అతి చిన్న లోహపు రేణువులుగా మారుస్తుందని 2009లో తేల్చారు. బంగారం మీద బతికే జీవిని ఆస్ట్రేలియాలో వెతికారు. మా కోలారులో వెతకడానికి అడ్డేమిటి? బంగారం మనకూ ఉంది, విషపు బురద మనకూ ఉంది, నూరు కిలోమీటర్ల దూరంలో దేశంలోనే పేరుమోసిన పరిశోధన సంస్థలూ ఉన్నాయి.

ఆ సంస్థలకు ఈ విద్య కొత్త కాదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య కె.ఎ. నటరాజన్ గారు బ్యాక్టీరియా చేత ఖనిజాల నుంచి లోహాన్ని విడిపించే పద్ధతుల మీద దశాబ్దాలు పనిచేశారు. రాయచూరు జిల్లా హట్టి బంగారు గనులతో కలిసి ఆ ప్రయోగాలను ప్రయోగశాల దాటించి బయటికి తెచ్చారు. ఇనుము, గంధకం తిని బతికే ఆ బ్యాక్టీరియాను మొదట 1947లో బొగ్గు గనుల నుంచి కారే పుల్లటి నీటిలో పట్టుకున్నారు. అది కూడా అంతకుముందు ఎవరూ పట్టించుకోని మురికినీరే.

ఇక మా ఊరివాళ్ళు అడిగే ప్రశ్నకు వస్తాను. ఉపాధి లేదు, దుమ్ముతో ఊపిరాడటం లేదు, నీళ్ళు బాగాలేవు, ఈ బాధల మధ్య నీకు బ్యాక్టీరియా కావలసి వచ్చిందా అని. ఆ బాధలు నావి కూడా. రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న తరం మా నాన్నగారిది. ఆషాఢపు గాలులు లేచినప్పుడు ఆ దిబ్బల పొడి ఇళ్ళలోకి వచ్చి అన్నం గిన్నెల మీద కూడా పేరుకుంటుంది. ఆ పొడి గురించే నా ఆందోళన, అందుకే ఈ సూక్ష్మజీవుల మాట.

కాపాడే చెట్టూ చేమా లేని నేల మీద, వాన పడిన తరువాత పైన ఒక పలచని పెచ్చు కడుతుంది. దాన్ని ఊరికే ఎండిన బురద అనుకుంటాం. చాలా చోట్ల అది ప్రాణమున్న పెచ్చు. నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా పోగుల్లా పెరిగి, జిగురు విడిచి, ఇసుక రేణువులను ఒకదానికొకటి అంటిస్తాయి. కొన్ని గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. ఆ తరువాతే నాచు, గడ్డి, తుమ్మ వంటివి నిలదొక్కుకుంటాయి. ఎడారి నేలల మీద ఈ పెచ్చు గురించి చాలా పరిశోధన జరిగింది. అది ఉన్న నేల గాలికి తక్కువ లేస్తుంది. ఒక్క బండి చక్రం దాని మీదుగా పోయినా అక్కడ ధూళి మొదలవుతుంది, మళ్ళీ కట్టడానికి ఏళ్ళు పట్టవచ్చు. వెయ్యి ఎకరాల దిబ్బల మీద యంత్రాలు దించితే పైపొర అంతా ఒక్కసారిగా వదులవుతుంది. తవ్వకం అయిపోయాక కొత్తగా పోసే వ్యర్థం మీద ఆ పొరను తిరిగి పెంచాలంటే, ఆ మట్టికి అలవాటుపడిన జీవులే కావాలి. తోడు పెరుగు దాచకుండా గిన్నె కడిగేస్తే రేపు పాలు తోడుకోవు. బయటి నుంచి కొన్న పొడి చల్లితే సరిపోతుందని ఎవరైనా చెబితే నేను నమ్మను. చోటుకు అలవాటుపడనివి చాలావరకు నిలవవు.

సయనైడ్ సంగతీ అంతే. అమెరికాలోని హోమ్‌స్టేక్ బంగారు గనిలో 1984 నుంచి వ్యర్థజలాలను బ్యాక్టీరియా చేతనే శుభ్రం చేయించారు. పెద్ద పళ్ళేల్లాంటి చక్రాలు సగం నీటిలో, సగం గాలిలో తిరుగుతూ ఉంటాయి. వాటి మీద పట్టిన జీవపు పొర సయనైడ్‌ను విరిచివేస్తుంది, మిగిలిన అమ్మోనియాను మరికొన్ని బ్యాక్టీరియా నైట్రేటుగా మారుస్తాయి. ఆ నీటిని పక్కనున్న వైట్‌వుడ్ వాగులోకి వదిలారు. మన దిబ్బల్లో రేపు మళ్ళీ సయనైడ్ వాడతారో, వేరే రసాయనం వాడతారో గుత్తేదారు వచ్చాక తెలుస్తుంది. ఏది వాడినా శుభ్రం చేయాల్సిన నీరు ఉంటుంది. సయనైడ్‌తో వంద ఏళ్ళుగా కాపురం చేస్తున్న జీవులు కాళ్ళ దగ్గరే ఉండగా, వాటిని చూడకుండా తవ్వి పోయడం ఎంత అన్యాయం!

దిబ్బల కింద ఇంకో సంగతి ఉంది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. అక్కడ రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. ఆ లోతును భౌతిక శాస్త్రం గొప్పగా వాడుకుంది; 1965లో టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ వారితో కలిసి అక్కడ వాతావరణంలో పుట్టే న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలను పట్టుకున్నారు. భూమి లోతుల్లో జీవం గురించి ప్రపంచం గట్టిగా వెతకడం మొదలుపెట్టేసరికి మా గనులు మూతపడే దశలో ఉన్నాయి. దక్షిణాఫ్రికా బంగారు గనులు మాత్రం నడుస్తూ ఉన్నాయి. 2008లో అక్కడి ఎంపొనెంగ్ గనిలో, 2.8 కిలోమీటర్ల లోతున పగుళ్ళలోని నీటిలో, దాదాపు ఒంటరిగా బతుకుతున్న బ్యాక్టీరియా గురించి వివరాలు వెలువడ్డాయి. సూర్యుడి వెలుగు, ఆక్సిజన్ దానికి అక్కర్లేదు. రాతిలోని యురేనియం నుంచి వచ్చే కిరణాలు నీటిని చీలిస్తే పుట్టే హైడ్రోజన్‌తో, రాతిలోని సల్ఫేటుతో అది బతుకుతుంది. అంగారకుడి మీద జీవం ఉంటే ఎలా ఉండవచ్చని ఆలోచించేవారంతా ఇప్పుడు ఆ గని పేరు తలుచుకుంటారు. మా గనుల్లో పంపులు ఆపేశాక సొరంగాలు నీటితో నిండిపోయాయి. లోపల ఏ నీరు ఏ నీటిలో కలిసిందో ఇక విడదీయలేం. మన దేశంలో, మహారాష్ట్రలోని కొయినా దగ్గర భూకంపాల అధ్యయనం కోసం వేసిన లోతైన బోరు రాళ్ళలో ఖరగ్‌పూర్ ఐఐటీ వారు సూక్ష్మజీవులను పరిశీలిస్తున్నారంటే సంతోషం కలిగింది, దానితోపాటు దిగులూ కలిగింది. లోతు అవకాశం చేజారిపోయింది. పైనున్న దిబ్బల అవకాశం ఇంకా చేతిలోనే ఉంది.

మనవాళ్ళకు చేతకాని పని కాదిది. 2005 ఏప్రిల్‌లో హైదరాబాదు నుంచి బెలూను ఎగరేసి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులోని గాలిని పట్టి తెచ్చి, అందులో 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రపు కాలనీలను పెంచారు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, పుణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రం వాటిని పరీక్షించి మూడు కొత్త జాతులని తేల్చాయి. వాటిలో ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు. తరువాత అదే జాతి మొక్కల వేళ్ళ చుట్టూ ఉండే మట్టిలోనూ కనిపించింది. 2020లో మహారాష్ట్రలో ఉల్క పడిన గోతిలో ఏర్పడిన లోణార్ సరస్సు నీరు గులాబీ రంగుకు తిరిగినప్పుడు పుణె శాస్త్రవేత్తలు నమూనాలు పరీక్షించి, అది ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవుల పని అని చెప్పారు. ఆకాశంలో వెతికినవాళ్ళకు, ఉల్క పడిన గోతిలో వెతికినవాళ్ళకు, బెంగళూరు నుంచి రైలు టికెట్టు కొంటే చేరగల దిబ్బ అందదా?

నమూనా అంటే ఒక డబ్బాలో మట్టి నింపి బీరువాలో పెట్టడం కాదు, అది స్పష్టంగా చెప్పాలి. మట్టిలో ఉన్నవాటిలో మన ప్లేట్ల మీద పెరిగేవి నూటికి ఒకటి కూడా ఉండవు. ఇది నేను రోజూ చూసిన నిజం. పోషకాలు దండిగా ఉన్న మీడియా పోస్తే, తిండిలేని చోట నెమ్మదిగా బతికేవి వెనకబడిపోతాయి. తొందరగా పెరిగేవి ప్లేటంతా ఆక్రమిస్తాయి. అందుకని పెరిగినవాటిని దాచడంతో పని అయిపోదు. మట్టిని యథాతథంగా సున్నాకు దిగువన 80 డిగ్రీల చలిలో ఉంచాలి, అందులోంచి డీఎన్‌ఏ తీసి వేరుగా దాచాలి, పలచని మీడియాలో వారాల తరబడి ఓపికగా పెంచాలి. నమూనా తీసిన చోటు, లోతు, తేమ, వేడి, ఆమ్లత, తేదీ రాయాలి. ఈ వివరాలు లేని గొట్టం విలువ సగానికి సగం పడిపోతుంది. ఒక్కో దిబ్బకు పైపొర, మధ్యపొర, అడుగు వేరుగా. గడ్డి మొలిచిన చోటు, మొలవని చోటు వేరుగా. వాననీరు నిలిచే గుంట వేరుగా. వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి. చండీగఢ్‌లోనూ పుణెలోనూ సూక్ష్మజీవుల జాతీయ భాండాగారాలున్నాయి. పేటెంట్ల కోసం అంతర్జాతీయ గుర్తింపు కూడా వాటికి ఉంది. వాటికి అప్పగిస్తే రేపు ఎవరైనా అడిగి తీసుకోవచ్చు.

అడిగి తీసుకోగలగడం ఎందుకంత ముఖ్యమో ఒక వివాదం చూపించింది. 2010 డిసెంబరులో, కాలిఫోర్నియాలోని మోనో సరస్సు బ్యాక్టీరియా భాస్వరానికి బదులు ఆర్సెనిక్‌తో తన డీఎన్‌ఏ కట్టుకుంటోందని ఒక వ్యాసం వెలువడింది. ప్రపంచమంతటా పత్రికలు పెద్ద అక్షరాలతో రాశాయి. ఆ బ్యాక్టీరియాను ఇతర ప్రయోగశాలలు తెప్పించుకుని మళ్ళీ పెంచి చూశాయి. ఆర్సెనిక్‌ను అది బాగా తట్టుకుంటుంది కానీ భాస్వరం లేనిదే బతకదని 2012లో తేలింది. ప్రచురించిన పత్రిక 2025 జులైలో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. జీవి అందరికీ అందుబాటులో ఉండబట్టే నిజం బయటపడింది. రేపు మా దిబ్బల నుంచి ఎవరైనా ఒక అద్భుతాన్ని ప్రకటించినా, ప్రమాదాన్ని ప్రకటించినా, సరిచూసుకోవడానికి అసలు నమూనా ఉండాలి. మీ పత్రిక కూడా అటువంటి వార్త వచ్చినప్పుడు, ఆ జీవిని ఎక్కడ భద్రపరిచారని మొదట అడగాలని నా మనవి.

ఉత్సాహంతో పిల్లలు సంచీలు పట్టుకుని దిబ్బలెక్కకూడదు. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు, అందులో ఆర్సెనిక్ ఉండవచ్చు. ముఖానికి సరైన మాస్కు, చేతులకు తొడుగులు, తోడుగా తెలిసినవాళ్ళు ఉండాలి. అయితే రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట కళాశాలల్లో సైన్సు చదివే పిల్లలను ఈ పనిలో శిక్షణనిచ్చి చేర్చుకోవాలని గట్టిగా కోరుతున్నాను. పొద్దున చీకటితోనే రైలెక్కి బెంగళూరులో కాపలా పనులకు, దుకాణాల పనులకు వచ్చే పిల్లల్లో బీఎస్సీ చదివినవాళ్ళు ఎందరో ఉన్నారు. నేను ప్రయాణంలో వాళ్ళతో మాట్లాడుతూ ఉంటాను. వాళ్ళ ఊరి మట్టిని చదివే పనికి బయటివాళ్ళు వచ్చి, వాళ్ళు ఊరికే చూస్తూ నిలబడటం నాకు ఇష్టం లేదు. ఆ మట్టిలోంచి రేపు పేటెంటు పుడితే మన జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానికులకు వాటా అడిగే వీలుంది; 2002లో ఆ చట్టం వచ్చింది. ఆ మాట ఇప్పుడే రాతలో ఉండాలి.

కాబట్టి సంపాదకులు గారూ, మీ కోలారు, బెంగళూరు విలేకరుల చేత మూడు ప్రశ్నలు అడిగించండి. దిబ్బలను అప్పగించే ఒప్పందంలో, తవ్వకానికి ముందు సూక్ష్మజీవుల నమూనాలు సేకరించాలన్న షరతు పెడుతున్నారా అని గనుల శాఖను అడగండి. పెడితే ఆ ఖర్చు గుత్తేదారుదా, ప్రభుత్వానిదా అనీ, నమూనాలను ఏ భాండాగారానికి ఇస్తారనీ అడగండి. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిపేటప్పుడు దిబ్బల పైపొర, ధూళి గురించిన అధ్యయనాన్ని కన్నడం, తమిళం, తెలుగు మూడింటిలోనూ ముందుగా ప్రజల ముందు పెడతారా అని అడగండి. జవాబులు వస్తే జవాబులు, రాకపోతే రాలేదన్న సంగతి, అదే పేజీలో అచ్చు వేయండి. యంత్రాలు దిగకముందే ఈ పని జరగాలి.

ఇట్లు,
విశ్రాంత ప్రయోగశాల సహాయకురాలు,
కృష్ణరాజపురం, బెంగళూరు.